“తోట కాదు నానమ్మా, తోట!”: రెండు భాషలు వింటూ పెరిగే పిల్లల చేత కష్టమైన అక్షరాలు పలికించడం ఎలా

మా మనవడికి నాలుగేళ్ళు నిండిన కొత్తలో ఒక సాయంత్రం, పాత శుభలేఖ వెనకవైపు గోల్కొండ కోట బొమ్మ గీసి “ఇదేంటి నాన్నా?” అని అడిగాను. “తోట” అన్నాడు. “ఓ, తోటా?” అన్నాను. వాడికి కోపం వచ్చింది. “తోట కాదు నానమ్మా, తోట!” అని కాలు నేలకేసి కొట్టాడు.

వాడి నోట్లో ఆ రెండు మాటలూ ఒకటే. చెవిలో మాత్రం వేరు. నేను ‘తోట’ అంటే తప్పని వాడికి తెలుసు. తను అన్నదీ అదేనని తెలియదు. 31 ఏళ్ళు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని నేను. అక్షరాలు దిద్దించడం వచ్చు, చదివించడం వచ్చు. నోరు తిరగని పిల్లాడికి సాయం చేయడం మాత్రం ఈ పది నెలల్లోనే నేర్చుకున్నాను. సికింద్రాబాద్‌లో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గర కూర్చుని కొంత, ఇంట్లో వాడి పక్కన కూర్చుని చాలా.

మేం తార్నాకలో ఉంటాం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కింది వాటాలో పిల్లలతో ఆడేటప్పుడు హైదరాబాదీ హిందీ. ఈ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఉండే అమ్మానాన్నల కోసం, ముఖ్యంగా పగలంతా పిల్లల దగ్గరుండే నానమ్మలు, అమ్మమ్మల కోసం ఇది రాస్తున్నాను.

తెలుగు ఆపేయకండి

మా వాడి బడిలో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళొచ్చిన రోజు మా కోడలు ముఖం వాడిపోయి ఉంది. “రెండు భాషలతో కన్‌ఫ్యూజ్ అవుతున్నాడట అత్తయ్యా. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు” అంది. ఆ టెన్షన్‌లో అందరం ఒప్పుకున్నాం. సరిగ్గా రెండు వారాలు. అంతకుముందు బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే అన్ని కబుర్లూ చెప్పే పిల్లాడు నా కొంగు పట్టుకుని లాగి వేలితో చూపించడం మొదలుపెట్టాడు. నాతో మాట్లాడ్డానికి వాడి దగ్గర మాటలు లేవు. ‘క’ రాలేదు సరికదా, ఉన్న మాటలే పోయాయి.

థెరపిస్టు మొదటిరోజే చెప్పిన మాట ఇది: రెండు భాషల వల్ల పలుకు చెడదు. పలుకులో ఇబ్బంది ఉన్న పిల్లాడికి ఒక్క భాషే నేర్పినా ఆ ఇబ్బంది ఉంటుంది. పైగా రెండు భాషల్లోనూ ఉండే ధ్వనిని ఒకదాంట్లో పట్టుకుంటే రెండోదానికి కూడా పనికొస్తుంది. ఇది మా కళ్ళ ముందే జరిగింది. ‘కాకి’ నేను నేర్పాను. ‘కేక్’, ‘కార్’, ‘కప్’ ఎవరూ నేర్పలేదు, వాటంతట అవే వచ్చేశాయి.

కాబట్టి ఎవరికి ఏ భాష హాయిగా వస్తే ఆ భాషలోనే పిల్లాడితో మాట్లాడండి. నానమ్మ వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడితే పిల్లాడికి ఏ భాషలోనూ మంచి మాట దొరకదు.

ఏది తప్పు, ఏది కాదు

సాయం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఒక వారంపాటు నోట్‌బుక్కులో పిల్లాడు అన్న మాటలు అన్నట్టే రాసుకోండి. తెలుగు మాటలు ఒక పేజీలో, ఇంగ్లీషు మాటలు ఎదుటి పేజీలో. వారం తర్వాత రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి. మా నోట్‌బుక్కులో ఇటువైపు కాకి ‘తాతి’, కూర ‘తూల’, ఆకు ‘ఆతు’. అటువైపు కేక్ ‘తేత్’, కార్ ‘తాల్’. రెండు పేజీల్లోనూ ‘క’ లేదు, ‘ర’ లేదు. అలా రెండువైపులా కనిపించినదే పట్టించుకోవాల్సిన సంగతి.

ఒక్క ఇంగ్లీషు పేజీలోనే కనిపిస్తే అది చాలావరకు తెలుగు నోరు కొత్త భాషను అలవాటు చేసుకోవడమే. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన పిల్లలు ‘బస్సు’, ‘బుక్కు’, ‘బ్యాగు’ అంటారు. ‘ఎగ్’ని ‘యెగ్’ అనడం, ‘స్కూల్’ని ‘ఇస్కూల్’ అనడం, ‘వ్యాన్’లోనూ ‘వాటర్’లోనూ ఒకే ‘వ’ పలకడం, ఇంగ్లీషు ‘థింక్’ని నాలుక బయటికి రాకుండా పలకడం, ఇవేవీ జబ్బులు కావు. మనమూ అలాగే మాట్లాడుతున్నాం కదా. పిల్లాడు మన దగ్గరే విన్నాడు.

ఇంట్లో తేడాలు కూడా చూసుకోవాలి. మా వైపు ‘కండ్లు’, ‘పండ్లు’, ‘ఇండ్లు’ అంటాం. మా కోడలిది గుంటూరు వైపు, వాళ్ళు ‘కళ్ళు’, ‘పళ్ళు’, ‘ఇళ్ళు’ అంటారు. మా వాడు నా దగ్గర ఒకలా, వాళ్ళమ్మ దగ్గర ఒకలా అంటాడు. రెండూ సరైనవే. ఆ విషయంలో పిల్లాణ్ణి దిద్దవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.

ఇక వయసు. పెదవులతో పలికే ప, బ, మ ముందు వస్తాయి. త, ద, న కూడా తొందరగానే వస్తాయి. క, గ చాలామందికి మూడు నాలుగేళ్ళ మధ్య స్థిరపడతాయి. స, శ, ర ఇంకా ఆలస్యం. 27 భాషల పిల్లల మీద జరిగిన పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2018లో వచ్చింది. ఏ భాషైనా ఐదేళ్ళు నిండేసరికి పిల్లలు ఎక్కువ హల్లుల్ని సరిగ్గానే పలుకుతారని అందులో తేలింది. మూడేళ్ళ పిల్లాడు రైలుని ‘లైలు’ అంటే హాయిగా వినండి. నాలుగు దాటాక కూడా కాకి ‘తాతి’గానే ఉంటే పని మొదలుపెట్టండి.

ముందు చెవి

నోటి సంగతి తర్వాత, ముందు వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అనుకోవద్దు. తక్కువ వినికిడి ఉన్న పిల్లాడు కూడా పిలుపుకి తిరుగుతాడు. స, శ లాంటి సన్నటి ధ్వనులు మాత్రం వాడికి అందవు. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి కొన్ని వారాలపాటు మాటలు మందంగా వినిపించవచ్చు. మా వాడికి ఒక చెవి నిండా గులిమి గట్టిపడి ఉంది. డాక్టరు చుక్కల మందు వేయించి తీశారు. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి మీరు తీయకండి.

కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యల కోసమే పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటుగా ఎవరి దగ్గరికైనా వెళ్తే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వారికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

చుట్టాల్లో ఎవరో ఒకరు “వస పోశారా?” అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. వస నాకించినందువల్ల ‘క’ రాదు. ఇంకొకరు “వీడికి నత్తి” అంటారు. నత్తి అంటే మాట ఆగి ఆగి రావడం, ఒకే అక్షరం దగ్గర తడబడటం. ఒక అక్షరానికి బదులు ఇంకోటి పలకడం నత్తి కాదు. పిల్లాడి ఎదుట ఆ మాట అననివ్వకండి.

‘క’ని వెతికి పట్టుకోవడం

మన వర్ణమాలను ఎవరు పేర్చారో గానీ, అది నోటి పటం. క, ఖ, గ, ఘ, ఙ నోటి వెనక, గొంతు దగ్గర పుడతాయి. చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక పైకి మడిచి, త వర్గం పళ్ళ దగ్గర, ప వర్గం పెదవుల దగ్గర. వెనక నుంచి ముందుకు వరసగా వస్తాయి. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని నేను ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాశాను. మా వాడి నోట్లో దాని ఉపయోగం ఇప్పుడు తెలిసింది. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట వాడు నాలుక కొన లేపుతున్నాడు. అందుకే క బదులు త, గ బదులు ద.

మొదటి వారం పలకమనలేదు. శుభలేఖల వెనక జంటలుగా బొమ్మలు గీశాను: కోట–తోట, కల–తల. నేను ఒక మాట అంటాను, వాడు ఆ బొమ్మ మీద చెయ్యి పెట్టాలి. పదికి తొమ్మిది సరిగ్గా చూపించాడు. అంటే చెవి సరే, పని నాలుకతోనే. మీ పిల్లాడు ఈ ఆటలోనే తడబడితే ఇక్కడే ఇంకో రెండు మూడు వారాలు ఉండండి. తేడా వినిపించని పిల్లాణ్ణి పలకమనడం చీకట్లో సూదిలో దారం ఎక్కించమన్నట్టే.

తర్వాత పాత్రలు మార్చుకున్నాం. ఇప్పుడు వాడు చెప్పాలి, నేను చూపించాలి. వాడు కోటను తలచుకుని “తోట” అంటాడు. నేను తోట బొమ్మ చూపిస్తాను. వాడు “కాదు” అనబోయి “తాదు” అంటాడు. నేను తిట్టను, దిద్దను. “నాకు తోట అని వినిపించింది నాన్నా” అంటాను, అంతే. అలా తన మాట ఎదుటివాళ్ళకు ఎలా చేరుతోందో వాడికి మొదటిసారి తెలిసింది. ఒక్కోసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అప్పుడు ఆట ఆపేసి ఇద్దరం బాల్కనీలోకి వెళ్ళిపోయేవాళ్ళం.

నాలుకకు దారి చూపించడానికి థెరపిస్టు చెప్పినవి మూడు. పిల్లాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టడం ఒకటి. అలా పడుకుంటే నాలుక దానంతట అదే కొంచెం వెనక్కి జారుతుంది. నోరు తెరిచి ఫ్యాన్ వైపు చూస్తూ ‘క్’ ప్రయత్నించాలి. రెండోది పుక్కిలించడం. గొంతులో నీళ్ళు గరగరమన్నప్పుడు నాలుక వెనక భాగం ఎక్కడుందో వాడికి తెలుస్తుంది. మూడోది నాలుక కొనను వేలితో కింది పళ్ళ వెనక నొక్కి పట్టి ‘త’ అనమనడం. కొన లేవదు కాబట్టి వెనక భాగం లేస్తుంది, ‘క’ లాంటిది వస్తుంది. ఆ వేలు పిల్లాడిదే అయి ఉండాలి, మనది కాదు. నేను మొదటిసారి నా వేలు పెట్టబోతే బెదిరిపోయాడు. చేతులు కడిగించి, చేతి అద్దం ముందు కూర్చోబెట్టి వాడి వేలే పెట్టుకోమంటే నవ్వుతూ చేశాడు.

ఎనిమిదో రోజు స్నానం చేస్తూ పుక్కిలిస్తుంటే “ఉక్” అని వచ్చింది. నేను తడి చేతులతోనే వాణ్ణి ఎత్తుకున్నాను.

ఒంటరి ‘క్’ వచ్చాక తెలుగు మనకు రెండు మంచి మెట్లు ఇస్తుంది. మొదటిది ద్విత్వం. ‘అక్క’, ‘ముక్కు’, ‘చుక్క’ అన్నప్పుడు నాలుక అక్కడ ఒక క్షణం ఆగుతుంది. ఆగినప్పుడు పిల్లాడికి చోటు గుర్తుంటుంది. మా వాడి మొదటి పూర్తి మాట ‘అక్క’. కింది వాటాలో ఉండే పెద్దమ్మాయిని పిలవడానికి పనికొచ్చే మాట కాబట్టి రోజుకు ముప్పైసార్లు అన్నాడు.

రెండోది గుణింతం. కానీ బడిలో చెప్పే వరసలో వద్దు. కొ, కో, కు, కూ ముందు చెప్పించండి. ఆ అచ్చులకు నాలుక ఎలాగూ వెనకే ఉంటుంది. తర్వాత క, కా. చివర్లో కె, కే, కి, కీ, ఎందుకంటే ఇ, ఈ, ఎ, ఏ నాలుకను ముందుకు లాగుతాయి. నేను మొదట అలవాటుగా క, కా, కి, కీ అని చెప్పించి నాలుగు రోజులు పోగొట్టాను.

మాటల ఎంపికలో కూడా ఇంతే జాగ్రత్త కావాలి. కొమ్మ, కప్ప, కోపం, ఆకు, ముక్కు, కాకి ముందు. కోతి, కోడి, కత్తి తర్వాత, ఎందుకంటే వాటిలో ఉన్న త, డ నాలుక కొనను మళ్ళీ లేపుతాయి. ‘కిటికీ’ అన్నిటికంటే చివర. మా వాడికి కిటికీ నాలుగు నెలలు ‘తిటితీ’గానే ఉంది. మాటల తర్వాత రెండేసి మాటలు: ‘కొమ్మ మీద కాకి’, ‘ముక్కు మీద కోపం’. ఆ తర్వాత చిన్న వాక్యాలు. పదిసార్లకు ఎనిమిదిసార్లు సరిగ్గా వస్తే పై మెట్టు ఎక్కండి. సగం కూడా రాకపోతే కింది మెట్టుకి దిగండి. దిగడంలో నష్టం లేదు.

ఎంతసేపు? ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. పొద్దున బడికి తయారయ్యేటప్పుడు కాదు. నేను బఠానీలు ఒలిచేటప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. ఒక్కో మాటకు ఒక బఠానీ గిన్నెలో వేస్తాడు. ముప్పై గింజలు అయితే ఆట అయిపోయినట్టు.

దిద్దడం గురించి

నా ఉద్యోగం కొత్తలో ఒకటో తరగతిలో ఒక పిల్లాడు కుక్కని ‘తుత్త’ అనేవాడు. వాడికి మంచి చేస్తున్నాననుకుని అందరి ముందు నిలబెట్టి “కుక్క అను, మళ్ళీ అను” అని పదిసార్లు అనిపించేదాన్ని. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ పిల్లాడు హాజరు పిలిచినా పలకడం మానేశాడు, చెయ్యి మాత్రం ఎత్తేవాడు. ఆ ఎత్తిన చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి మీకు చెబుతున్నాను: పిల్లాడు మీతో కబుర్లు చెబుతున్నప్పుడు మధ్యలో ఆపి మళ్ళీ అనమనకండి.

దానికి బదులు వాడి మాటనే సరైన పలుకుతో తిరిగి ఇవ్వండి. “నానమ్మా, తుత్త వచ్చింది” అంటాడు. “అవునా, కుక్క వచ్చిందా? ఏ కుక్క, నల్ల కుక్కా? పాపం, కుక్కకి ఆకలేసిందేమో!” అనండి. ఒక్క నిమిషంలో ఆ ధ్వనిని ఎన్నిసార్లు విన్నాడో చూడండి. తిరిగి అనమని అడగనే లేదు. సాధన ఆ ఐదు నిమిషాల్లోనే. మిగతా రోజంతా వాడి మాట వాడిది.

ఇంకో సంగతి. బూరలు ఊదించడం, కొవ్వొత్తులు ఆర్పించడం, నాలుక బయటపెట్టి అటూ ఇటూ తిప్పించడం, ఇలాంటి వ్యాయామాలు వాట్సాప్‌లో చాలా వస్తాయి. ఊదడం వల్ల ఊదడం వస్తుంది. ‘క’ రావాలంటే ‘క’నే పలికించాలి.

‘ళ’: ఒక వేలు, రెండు వేళ్ళు

‘క’ సంగతి వేరు, ‘ళ’ సంగతి వేరు. ‘ళ’, ‘ల’ మధ్య తేడా మా వాడికి వినిపించలేదు. రోజంతా ఇంగ్లీషు వినే పిల్లలకు ఇది మామూలే, ఆ భాషలో ‘ళ’ లేదు కదా. అందుకే ఇక్కడ చెవి ఆట చాలా రోజులు ఆడాం.

ఇక్కడ కూడా తెలుగే సాయం చేసింది. ఒకటి కాలు, రెండు కాళ్ళు. ఒకటి వేలు, ఐదు వేళ్ళు. ఒక ఇల్లు, చాలా ఇళ్ళు. ఒక్కటున్నప్పుడు ల, ఎక్కువ ఉన్నప్పుడు ళ్ళ. స్నానం చేయించేటప్పుడు ఒక కాలు పట్టుకుని ‘కాలు’, రెండూ పట్టుకుని ‘కాళ్ళు’ అనేదాన్ని. తర్వాత కళ్ళు మూసుకోమని “కాళ్ళు” అంటే రెండు కాళ్ళూ చాపాలి, “కాలు” అంటే ఒక్కటే. మూడు వారాలకు తేడా పట్టుకున్నాడు.

పలికించడానికి కాస్త తేనె చాలు. చిటికెన వేలితో అంగిలి మధ్యలో ఒక చుక్క రాయండి. నాలుక కొనను పైకి మడిచి దాన్ని నాకమనండి. ఆ మడతలోంచే ‘ళ’ వస్తుంది. కొన అక్కడ ఉంచి ‘అళ్ళ’ అనమంటే మొదట ‘అడ్ల’ లాంటిది వస్తుంది, ఫరవాలేదు. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు, కానీ ఆ వయసులో ఈ ఆట అవసరమే రాదు. ‘ణ’కీ ఇదే దారి: వీణ, బాణం. పెద్దవాళ్ళం చాలామందిమి దాన్ని ‘న’ అనే అంటున్నాం, కాబట్టి దానికోసం నేను పట్టుబట్టలేదు.

మిగతావి, త్వరగా

ఇంగ్లీషు ‘జూ’, ‘జీబ్రా’లోని ధ్వని రాకపోతే తెలుగులోంచి వెళ్ళండి. ‘జామకాయ’లో ‘జ’ని మనం పళ్ళ దగ్గర పలుకుతాం, ‘జీతం’లో జ లాగా కాదు. ఆ జామకాయ ‘జ’ని ఆపకుండా సాగదీస్తే ఈగ రొదలా వస్తుంది. అదే కావాల్సింది. లేదా గొంతు మీద చెయ్యి పెట్టించి పాము బుస కొట్టినట్టు ‘స్‌స్‌స్’ అనిపించండి. గొంతు అదరదు. అదరేలా చేయమనండి. ‘చాప’, ‘చేప’లలో ‘చ’ తేడా కూడా పిల్లలకు వినిపించండి. ఇంగ్లీషు మీడియం పిల్లలు చాపని చేపలాగే పలుకుతున్నారు, నాకు బాధగా ఉంటుంది.

‘ఫ్యాన్’కి పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి గాలి వదలడమే. అద్దంలో చూపిస్తే ఒక్క పూటలో వస్తుంది. ‘శ’కి పెదవులు గుండ్రంగా చుట్టి, చెల్లాయి నిద్రపోతోంది అన్నట్టు ‘ష్’. ఖ, ఘ, ధ, భ ఒత్తులు చదవడం నేర్చేటప్పుడు చూసుకోవచ్చు, నాలుగేళ్ళ పిల్లాడికి అక్కర్లేదు. ‘బుక్’ని ‘బు’ అని చివరి హల్లు మింగేసే పిల్లలకు ‘బుక్కు’ అనడం నేర్పండి. తర్వాత ఆ చివరి ఉ-కారాన్ని గుసగుసగా మార్చి వదిలేయవచ్చు. ఆరేళ్ళకి ముందు పళ్ళు ఊడినప్పుడు ‘స’ ఈలలా వస్తే కొత్త పళ్ళు వచ్చేదాకా ఆగండి.

ఇంట్లో సాధన చాలని చోట

మూడేళ్ళొచ్చినా ఇంట్లోవాళ్ళకే మాట అర్థం కాకపోతే, నాలుగేళ్ళొచ్చినా బయటివాళ్ళకు అర్థం కాకపోతే ఆలస్యం చేయకండి. మాట ముక్కులోంచి వస్తున్నా, తాగిన పాలు ముక్కులోంచి వస్తున్నా, ‘స’ అన్నప్పుడు గాలి బుగ్గల పక్క నుంచి తడిగా జారుతున్నా, నిన్నటిదాకా వచ్చిన మాటలు పోతున్నా, చెవి కారుతున్నా వెంటనే చూపించండి. నాలుక కింద పొర అంటుకుని ఉందని మీకు అనిపిస్తే డాక్టరుకి చూపించండి. కోయించాలా వద్దా అన్నది వాళ్ళు చూసి చెప్పాలి. చాలామంది పిల్లలకు ఆ అవసరం ఉండదు.

వెళ్ళేటప్పుడు ఆ రెండు పేజీల నోట్‌బుక్కు తీసుకెళ్ళండి. పిల్లాడు మామూలుగా ఆడుకుంటూ మాట్లాడుతున్న మాటలు ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి పెట్టుకోండి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. కొత్త చోట పిల్లలు నోరు విప్పరు. మా థెరపిస్టు మొదటి గంటలో వాడి గొంతు విన్నది ఆ ఫోన్‌లోనే.

‘ర’ దగ్గర మేం ఎక్కడున్నాం

ఇప్పుడు వాడికి నాలుగేళ్ళ పది నెలలు. ‘ర’ ఇంకా ‘ల’గానే ఉంది. తొందరేమీ లేదని థెరపిస్టు చెప్పింది, నాకూ తొందర లేదు. తెలుగు ‘ర’కి నాలుక కొన పై పళ్ళ వెనక ఒక్కసారి తేలిగ్గా తగిలి వచ్చేయాలి. ‘ర్ర’ అయితే అక్కడే అదరాలి. యూట్యూబ్‌లో ఇంగ్లీషు కార్టూన్లు చూసే పిల్లలు నాలుక ఎక్కడా తగలకుండా వెనక్కి ముడిచే ఇంకో ‘ర’ వింటారు. అందుకే మా ఇంట్లో కార్టూన్ల టైమ్ తగ్గించి కథల టైమ్ పెంచాం. ప్రస్తుతానికి ‘ద ద ద ద’ అని వేగంగా అనే పందెం మాత్రం పెట్టుకుంటున్నాం. వేగం పెరిగినప్పుడు మధ్యలో ఒకటీ అరా ‘ర’ లాంటిది దొర్లుతుంది. దొర్లినప్పుడు “అదిగో, వచ్చింది” అంటాను, మళ్ళీ అనమని అడగను. ‘ఎర్ర లారీ, తెల్ల లారీ’ లాంటివి ర వచ్చిన పిల్లలకు సరదా. రాని పిల్లలకు శిక్ష.

ఆదివారాలు వాడూ నేనూ తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేట దాకా వెళ్ళొస్తాం. ఆట ఏంటంటే, స్టేషన్ పేరు చెప్పినప్పుడు అందులో ‘ర’ వినిపిస్తే వేలు ఎత్తాలి. తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, పారడైజ్, రసూల్‌పురా, ప్రకాశ్ నగర్, బేగంపేట, అమీర్‌పేట. తొమ్మిదింటిలో ఏడింటికి వేలు లేవాలి. పలకడం లేదు, వినడమే. మొదట్లో అన్నిటికీ ఎత్తేవాడు. పోయిన ఆదివారం మెట్టుగూడ దగ్గర వేలు సగం లేపి, నా వైపు చూసి, మెల్లగా దించేసుకున్నాడు. “ఇందులో లేదు నానమ్మా” అన్నాడు. బేగంపేటకి అసలు ఎత్తనే లేదు.